బ్లాకులు లేని నొప్పి

ఇది జరిగినప్పుడే ఎవరిచేతనైనా రాయించి ఉండవచ్చు. కాని రాసిపెట్టేవాళ్ళు మా ఇంట్లోవాళ్ళే. నేను చెప్పింది తమకు నచ్చినట్టు మార్చి రాసేవారు. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఇప్పుడు నా చేత్తోనే రాస్తున్నాను.

రెండువేల తొమ్మిది ప్రాంతం. కొల్లేటి పక్క మా చేపల చెరువు గట్టున, పట్టిన చేపలను ఐసు వేసి పెట్టెల్లో సర్దుతున్నాం. రొమ్ము మధ్య ఎవరో మోకాలు పెట్టి తొక్కినట్టయింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. చెమటకు రవికె తడిసిపోయింది. మా ఆయన ఆటోలో ఏలూరు తీసుకెళ్ళారు. ఈసీజీ, రక్తపరీక్ష చూసి గుండెపోటే అన్నారు. ఆంజియోగ్రాం చేస్తే మాత్రం గుండె నాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా బ్లాకు లేదు.

“అయితే గ్యాసేమోనండీ?” అన్నారు మా ఆయన.

“గ్యాసు కాదండీ. కాలవ బాగానే ఉంది, మడి కొంచెం ఎండింది. కాసేపు నీరాగింది. ఎందుకాగిందో ఇందులో కనపడదు,” అన్నారు డాక్టరుగారు. గుండె కండరాన్ని చూడాలని విజయవాడ పంపి ఎంఆర్ఐ తీయించారు. ఆ గొట్టంలో పడుకుని, ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా, ఇందులోనూ ఏమీ లేదంటారేమోనని భయపడ్డాను. ఉన్నా భయమే. బొమ్మలో గుండె అంచున చిన్న తెల్లటి మచ్చ ఉంది. దెబ్బ తగిలిన చోటు అదేనని, బిళ్ళలు మానవద్దని చెప్పారు.

ఇంట్లో ఆ మచ్చ మాట ఎవరూ ఎత్తలేదు. బ్లాకులు లేవన్న మాటే ఊరంతా తిరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నేను లేచి టీ పెట్టాలని ఎదురుచూసేవారు. నాకు కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే చెయ్యి రొమ్ము మీదికి పోయేది.

శనివారం తాడేపల్లిగూడెం నుంచి మా ఆయన అక్కగారు వచ్చారు. నాకోసం ఉపవాసముండి ప్రార్థించిన మనిషి. నాళాలు ప్రార్థన వల్లే శుభ్రపడ్డాయని ఆవిడ నమ్మకం. రేపు ఆదివారం చర్చిలో, మేం గుడి అనేది దాన్నే, దేవుడు బాగుచేశాడని అందరి ముందూ లేచి నేను సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారికి ముందే మాటిచ్చేశారు.

“స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పి, ఇంటికొచ్చి బిళ్ళలు మింగుతావా అమ్మాయ్? చూసేవాళ్ళేమనుకుంటారు?”

“చెరువుకి కాపలా పెట్టకుండా ప్రార్థన చేసుకుని పడుకుంటున్నామా వదినగారూ?”

“నోరు మటుకు బాగైపోయింది దీనికి,” అని తమ్ముడి వైపు చూశారు.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. “అక్క అంత కష్టపడింది కదే. ఓ నెల మానేసి చూద్దాం.”

ఆవిడ మోకాళ్ళు నిజంగానే కాయలు కాచి ఉన్నాయి. నామీద ప్రేమ లేదని ఎలా అనను? మానేస్తే ఆవిడ మాట నిలుస్తుంది, నేను నిలుస్తానో లేదో తెలియదు. ఆ సాయంత్రమంతా వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ చూస్తుండగానే బిళ్ళలు వేసుకుని, ఆవిడతోనే గుడికి వెళ్ళాను. పాస్టరుగారు పిలిస్తే లేచాను.

“నాకు గుండెపోటు వచ్చిందండి. నాళాల్లో అడ్డు లేదు. గుండెకి దెబ్బ తగిలింది, అది బొమ్మలో కనపడింది. దేవుడు బతికించాడు. మా వదినగారు నాకోసం తిండి మానేశారు. నేను మందులు మానను. ఇంకా ప్రార్థన చెయ్యండి.”

“ఆమెన్” అక్కడొకటి ఇక్కడొకటి వినిపించింది.

“ఇంకేమన్నా చెప్తావా అమ్మా?” అన్నారు పాస్టరుగారు.

“లేదండి,” అని వచ్చి వదినగారి పక్కనే కూర్చున్నాను.