చీకటి ఉన్న బస

మదనపల్లె నుంచి కుప్పం దాకా బస ఇచ్చేవారిని ఫోనులో నేను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "రాత్రిపూట మీ వాకిట్లో నిలబడితే అరచేతి గీతలు కనిపిస్తాయా?" ఏసీ ఉందా, వేడినీళ్లు వస్తాయా అన్న ప్రశ్నలకు అలవాటుపడిన ఆ గొంతులు ప్రశ్నను మళ్లీ చెప్పమనేవి. ఒకాయన మాత్రం జాతకం చూసేవాళ్లకు గదులు ఇవ్వమని చెప్పి పెట్టేశాడు.

నాకు కావలసింది పాలపుంత కనిపించేంత చీకటి. నిజానికి కావలసింది మా అక్కకు. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరైంది. ఏటేటా నల్లబల్ల మీద సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక తెల్లని పట్టీ రుద్ది, ఇదే పాలపుంత అని పిల్లలకు చెప్పింది. కంటితో మాత్రం ఎన్నడూ చూడలేదు. టౌన్లో పుట్టి, టౌన్లోనే పనిచేసి, వీధిదీపాల కిందే గడిపిన మనిషికి చూసే వీలెక్కడిది? మొన్న చలికాలానికి ముందు రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకుంది. కట్టు విప్పాక ఆ కొత్త కళ్లతో ఏం చూడాలని ఉందని అడిగితే తడుముకోకుండా పాలపుంత అంది.

"ఇన్నేండ్లు ఉండాది ఉండాదని చెప్తా వచ్చినాను గదరా. ఒక్క పిల్లోడన్నా లేసి, నువ్వు సూసినావా మేడం అని అడిగింటే నా గతి ఏమై ఉండునో! నువ్వు నా క్లాసులో లేవు గాబట్టి బతికిపోయినా."

నేనుంటే తప్పకుండా అడిగి ఉండేవాణ్ణి. నీటి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో పని నాది. 'స్వచ్ఛమైన' అన్న మాట సీసా మీద కనబడితే మూత తీసి చూడనిదే నమ్మను. చీకటి విషయంలో మినహాయింపు ఎందుకివ్వాలి?

పుంగనూరు వైపు ఒక తోటబంగళా యజమానికి నా ప్రశ్న చాలా కష్టం కలిగించింది. "చీకటా? మా ఊర్లో చీకటి యాడుండాది సార్! స్తంభానికొక ఎల్ఈడీ ఏసినారు. సూది కింద పడినా ఏరుకోవచ్చు. మా ఊరు చీకటని మీకెవురు చెప్పినారు?" చీకటి కావాలని అడగడమంటే మీ ఊరికి కరెంటు రాలేదా అని ఎగతాళి చేయడంతో సమానమని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ తర్వాత నుంచి ముందుగా ఊరి దీపాలను పొగిడి, ఆపైన అసలు మాటకు వచ్చేవాణ్ణి.

శాంతిపురం దగ్గర ఒకాయన తన తోట కటిక చీకటి అని ఘంటాపథంగా చెప్పాడు. మాఘమాసంలో కుప్పం బస్సెక్కి స్వయంగా వెళ్లాను. పొద్దు గుంకగానే ఎదుటి మిట్ట అంతా భగ్గున వెలిగింది. చామంతి మళ్ల మీద తీగలు లాగి, వరసలు వరసలుగా బల్బులు వేలాడదీశారు. రాత్రులు పొడవుగా ఉంటే చామంతి తొందరపడి మొగ్గ తొడుగుతుంది. వేసవి పెళ్లిళ్ల కాలం దాకా దాన్ని ఆపాలంటే దీపాలు పెట్టి ఇంకా పగలేనని నమ్మించాలి. ఏర్పాటు శాస్త్రీయంగా నిర్దుష్టమే. ఆ వెలుగులో నా అరచేతి గీతలే కాక, చేతిలోని పేపర్లో టెండరు ప్రకటనలు కూడా చదివాను.

"బల్బులు మావి గావు సార్, పక్కోళ్లవి. మా తోట చీకటే," అన్నాడాయన.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాంతికి గట్టు తెలియకపోవడమొక్కటే ఇబ్బంది. తిరిగి వచ్చి అక్కకు సంగతి చెప్పాను. ఆమె ఇప్పుడు లేని కళ్లద్దాలను ముక్కు మీద అలవాటుగా ఒకసారి పైకి తోసుకుని, వంటింట్లోకి వెళ్లిపోయింది. అది చూశాక నా పరీక్షలు ఇంకా కఠినమయ్యాయి.

చివరకు పెద్దపంజాణి అవతల ఒక మామిడితోట దొరికింది. ఆ తోటలోనే కాపురముండే రైతు దంపతులు శని, ఆదివారాల్లో మిద్దె మీది గదిని అద్దెకిస్తారు. ఫోనెత్తింది ఇల్లాలు. "గీతలా? నా చెయ్యే నాకు కనపడదు సార్. తెల్లారుజామున పాలు పిండేదానికి పోతే ఆవును తడువుకుంటా పోవాల." ఈ జవాబు నాకు నచ్చింది. రాత్రి దీపాలు చూపే ఉపగ్రహ పటంలోనూ ఆ చోటు నల్లగానే ఉంది. ఉగాదికి ముందరి అమావాస్యకు గది చెప్పాను; ఆ రోజుల్లో పాలపుంత తెల్లవారుజామున పొడుస్తుంది. కెమెరా, దాన్ని నిలబెట్టే ముక్కాలి స్టాండు సర్దాను. ఎందుకొస్తున్నారని ఆమె అడిగితే, ఆకాశాన్ని ఫోటో తీయడానికని చెప్పాను. పొరపాటు అక్కడ జరిగింది.

మేం వెళ్లేసరికి చీకటి పడింది, ఆ తోటలో తప్ప. మామిడిచెట్లకు సీరియల్ బల్బులు చుట్టారు. ఆవుల పాకముందు గుంజకు షామియానా వాళ్ల దగ్గర తెచ్చిన ఫోకస్ లైటు కట్టారు. కొత్త చొక్కా తొడుక్కున్న రైతు ఎదురొచ్చాడు.

"రండి సార్, రండమ్మా. వెలుతురు సాలునా? ఇంకొకటి తెప్పిచ్చేదా?"

"లైట్లు యాల పెట్టినారప్పా?" అంది అక్క నాకంటే ముందే. గొంతు మామూలుగానే ఉంది కానీ, చేతిసంచిని గట్టిగా పట్టుకుంది.

"ఫోటోలు తీస్తారంట గదమ్మా! వెలుతురు ల్యాకుంటే ఫోటో యాడ పడుతుంది?"

నేను చుక్కల కాంతి, కటకాలు, కనుపాప విశాలమయ్యే తీరు గురించి వివరించడం మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా విని, "అట్లనే సార్, అయినా వచ్చినోళ్లను చీకట్లో కూసోబెట్టినామని తెలిస్తే మా చుట్టాల్లో తలెత్తుకోగలమా?" అన్నాడు.

ఆ చిక్కును తీర్చింది అక్క. "పెద్దాయనా, ఇయ్యాల భోజనమయ్యేదాకా అన్నీ వెలగనీ. మేము సూస్తాము, మెచ్చుకుంటాము, మా ఊర్లో చెప్పుకుంటాము. తెల్లారుజామున మాత్రం ఒక్కటీ ఉండకూడదు. నా కండ్లు కొత్తవి, వాటికి చీకటి సూపియ్యాల."

"కంటికి మందు పథ్యమా అమ్మా? ముందే చెప్పకూడదా!" అని రైతు భార్య నొచ్చుకుంది. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో చీకటికి నాకన్నా గట్టి కాపలాదారు ఆమే అయింది. పథ్యమేమీ కాదని సరిదిద్దబోతే అక్క నా కాలు తొక్కింది.

తెల్లవారుజామున లేచాం. మాటిచ్చినట్టే తోట అంతా నల్లగా ఉంది. పాకలో పాలు పితుకుతున్న చప్పుడు తప్ప మనిషి జాడ లేదు. అరచేయి చాచి చూసుకున్నాను. గీతలే కాదు, చేయి కూడా ఉన్నట్టు నమ్మకం మాత్రమే. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా తల ఎత్తవద్దని, ఫోను ముట్టుకోవద్దని అక్కకు చెప్పాను. ఫోటోల్లో ఉండే రంగులు ఉండవని, బూడిదరంగు మరక లాంటిదే కనిపిస్తుందని ముందే హెచ్చరించాను.

"నువ్వు పెండ్లికి పోయినా అన్నం ఉడకలేదేమోనని పట్టి సూస్తావురా," అని ఆమె నేల చూపులు చూస్తూ కూర్చుంది.

అరగంటకు ఇద్దరం తలెత్తాం. దక్షిణాన వృశ్చికరాశి, దాని తోక దగ్గర మొదలై తూర్పుగా సాగిన పాలిపోయిన వెలుగు. అక్క గట్టిగా ఊపిరి పీల్చింది.

"అదేనా?"

"ఆగు, మబ్బు కావచ్చు. గాలికి జరిగితే మబ్బు. చుక్కలతో కలిసి కదిలితే కాదు."

చుట్టూ ఉన్న చుక్కలను గుర్తుపెట్టుకుని ఎదురుచూశాం.  అక్క కొత్త కళ్లను ఆర్పడానికి కూడా భయపడుతున్నట్టు ఉంది. మామిడికొమ్మ వెనక నుంచి చుక్కలు పైకి జరిగాయి. వాటితోపాటే ఆ వెలుగూ జరిగింది.

"అదే అక్కా," అన్నాను.

ఆమె తల దించకుండానే అడిగింది. "నడిమధ్యలో నల్లగా చీలి ఉండాదే, అదేంది?"

"దుమ్ము. వెనకున్న చుక్కలను కప్పేస్తుంది."

"అయ్యో! నేను మొత్తం తెల్లగా రుద్దేస్తిని గదరా. ఆ మాత్రం బోర్డు వదిలేసి ఉంటే సరిపోయేది."

నేను కెమెరా బిగించి మీట నొక్కాను. అది ఇంకా వెలుగును పోగేసుకుంటుండగా పాక వైపు నుంచి టార్చి వెలిగింది. గ్లాసులతో రైతు వస్తున్నాడు.

"కాఫీ సార్! చీకట్లో కాలు తట్టుకుంటారని లైటు తెచ్చినా."

"ఆర్పేయ్, ఆర్పేయ్! అమ్మకు పథ్యమని చెప్తి గదా!" అని వెనక నుంచి భార్య కేక. అప్పటికే ఫోటోలో ఆకాశం పాలవిరుగుడులా మారిపోయింది. మళ్లీ తీద్దామనుకునేసరికి తూర్పు తెల్లబడింది.

రైతు భార్య వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లింది. తడినేల నల్లగా, నున్నగా ఉంది. అక్క ఆమె చేతిలోని ముగ్గుపిండి అడిగి తీసుకుని, కొంగు దోపుకుని వంగింది. వాకిలి ఈ మూల నుంచి ఆ మూలకు పిండి వెదజల్లుతూ, నడుమ మాత్రం ఒక పాయను ముట్టుకోకుండా వదిలేసింది.

"ఇదేం ముగ్గమ్మా, సగంలో పిండి సాలలేదా?" అంది ఇల్లాలు.

"సాలింది. ఆడ పెట్టకూడదు."

నేను నాలుగడుగులు వెనక్కి వేసి పరిశీలించాను. ఆ నల్లపాయ వంపు సరిగా రాలేదనీ, కొంచెం ఎడమకు జరగాలనీ చెప్పాను.

అక్క నడుము నిటారు చేసుకుని, పిండి చేతులు దులుపుకుంది. "నీ ఫోటో సూపించు, దిద్దుతాను," అంది.