లింగన్న విప్పిన కట్టు

ఈ పొద్దున బుసైతీన్ సైటులో, తడిసిన సెంట్రింగ్ చెక్కల నుంచి పుల్లటి వాసన లేచింది. మిగతావాళ్లు చేతులు పెట్టి లాగేస్తున్నారు. నేను మాత్రం కడ్డీతో రెండుసార్లు తట్టి, కాసేపు ఆగి, అప్పుడు వంగాను. నవ్వితే నవ్వనీ. ఆ వాసన తగిలితే నాకు లింగన్న గుర్తొస్తాడు. జగిత్యాల వైపు ఏదో పల్లె. అక్కడ సర్కారు దవాఖానలో కాంపౌండరుగా చేసి, ఇక్కడ గల్ఫ్‌లో మాతోపాటు ఇటుకలు మోశాడు. మా వైపు ఏ గల్ఫ్ దేశానికి వచ్చినా దుబాయే అంటారు. ఎగతాళికి డాక్టరు అనేవాళ్లం. ఉలకడు, పలకడు.

కర్జకాన్ అనే ఊళ్లో తోట గోడ కడుతున్న రోజులు. ఇలాంటి తడిసిన చెక్కల కిందే వేడి పెనం మీద నీళ్లు చిమ్మినట్టు చప్పుడైంది. ఏమిటా అని వంగేలోపే పాము నా కుడిచేతి చూపుడువేలు పట్టేసింది. ఒంటి పొలుసులు రాసుకుంటూ అలా చప్పుడు చేసే చిన్న పింజర. పక్కన పని చేస్తున్న సైలు మా వైపు అందరూ చేసేదే చేశాడు. తువ్వాలతో మోచేతి కింద బిగించి కట్టి, బ్లేడు కోసం వెతికాడు. లింగన్న ఉరికొచ్చి అతణ్ణి పక్కకు నెట్టాడు.

"ఇడువు! ఆ బ్లేడు అవుతల పారెయ్."

కట్టు విప్పేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. "విషం గుండెకు ఎక్కదా అన్నా?"

"కడితె ఈ విషం ఆడనే కూసోని కండను తింటది. చెయ్యి కదలనియ్యకు. దవాఖానకు పోదాం."

దారిలో వాపు ఎంతవరకు పాకిందో పెన్సిలుతో నా చేతి మీద గీత గీసి, టైము రాశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా రక్తం గాజు గొట్టంలోకి తీసి, కదపకుండా పక్కన పెట్టింది. ఇరవై నిమిషాల తర్వాత వంచితే నీళ్లలా జారింది. విషమంటే ఒకటి కాదని, రకరకాల ప్రోటీన్లని, కొన్ని రక్తాన్ని గడ్డకట్టనివ్వవని, కొన్ని కండను కరిగిస్తాయని లింగన్న చెప్పాడు.

"మందు పనిచేస్తదా అన్నా?"

"ఏ పాము విషం గుర్రానికి ఎక్కిచ్చి, దాని రక్తంల నుంచి మందు చేసిండ్రో, ఆ పాము మీదనే మంచిగ పనిచేస్తది. వీళ్ల కాడ ఈడి పాముకు చేసిందే ఉన్నదట. రక్తం నిలవడ్తది. పోయిన కండ మాత్రం మల్ల రాదు."

అబద్ధమైనా సరే, ఏం కాదని ఒక్కమాట అంటాడనుకున్నాను. ఒళ్లు మండింది. కానీ ఆ మనిషి రెండు రోజులు డ్యూటీ మానుకుని నా మంచం పక్క కుర్చీలోంచి లేవలేదు. ఇంటికి ఫోన్ చేసే ధైర్యం నాకు లేదు. ఈ దేశంలో నాకున్నది ఆ కుర్చీలోని మనిషే. మందు ఎక్కించాక మళ్లీ తీసిన రక్తం గొట్టంలో గడ్డకట్టింది. వేలి కొస పోయింది, చెయ్యి దక్కింది.

కాంట్రాక్టు ఖలాస్ అయి ఆయన వెళ్లిపోయేనాడు ముహర్రక్ విమానాశ్రయం దాకా నేనే వెళ్లాను. కట్టు కట్టొద్దని ఎవరు నేర్పారని అడిగాను.

"నాకు ముందే ఎరుకనే. మా ఇంటిదాన్ని చేన్ల పాము కరిచింది. ఊరోళ్లు కట్టు కట్టు అని మొత్తుకుంటె, ఎరుకుండి గూడ నా చేతులతోనే కట్టిన, బిగ్గ. ఆమె కుడిచెయ్యి తీసేసిండ్రు. ఒక్కనాడు నన్ను ఒక్కమాట అనలె. అంటె ఆడనే ఉందును, ఇట్ల మొఖం దాసుకొని దుబాయి వస్తుంటినా?"

సంచి అందించి, "పైలం అన్నా" అన్నాను, అంతే. నీవల్ల నా చెయ్యి మిగిలిందన్నా అని అప్పుడే అనాల్సింది. తర్వాత ఆయన నంబరు మారిపోయింది. ఏ పల్లెనో నేను ఎన్నడూ అడగలేదు. క్యాంపులో ఎనిమిది మందిమి కలిసే తింటాం. ఈ కుడిచేత్తో అన్నం కలుపుకునేటప్పుడల్లా ఆ మాట నోటిదాకా వస్తుంది. చెప్పడానికి ఆయన లేడు.