పొగమంచు సారు

చలికాలం వచ్చిందంటే రాఘవేందర్ నోటికి తాళం ఉండదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబులు ఆగే చోట, మంచులో బండి ఎలా నడపాలో ఎవరూ అడక్కపోయినా చెబుతాడు. పెద్ద లైటు వేస్తే ఆ వెలుగు తిరిగి మన కళ్లలోనే కొడుతుంది, చిన్న లైటే వేయాలి. అద్దం దించి చెవులు బయట పెట్టాలి. ముందు బండి ఎర్రలైటు చూసుకుంటూ దూరంగా నడవాలి. చాయ్ తాగడానికి వచ్చిన పాపానికి తోటి డ్రైవర్లు ఇదంతా విని, చాటుగా పొగమంచు సారు అని నవ్వుకునేవారు. చెప్పేదంతా నిజమే కాబట్టి ఎదురు చెప్పే వీలు కూడా లేదు పాపం.

ఆ డిసెంబరు పొద్దున, మహేశ్వరం పక్క ఊళ్లోని ఇంట్లో అతని భార్య శ్రీలతకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బయట చూస్తే ఇంటి గేటే కనబడనంత మంచు. రాఘవేందర్ కారు తీసేలోపు తల్లి కౌసల్యమ్మ పాత నల్ల గొంగడిని రెండు ముక్కలు చేసి పట్టుకొచ్చింది.

"ఎనక రెండు దిక్కుల కట్టు బిడ్డా. రెండు పానాలతోని పోతున్నం, దిష్టి తాకొద్దు."

వేరే రోజైతే నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు, భయమే వచ్చింది. పైన క్యారియర్‌కు తాడు వేసి, రెండు ముక్కలనూ వెనక అటొకటి ఇటొకటి వేలాడదీసి, ముడి గట్టిగా బిగించాడు.

దారంతా తన పాఠంలో ఒక్క అక్షరం తప్పలేదు. చిన్న లైటు, దించిన అద్దం, మెల్లటి నడక. వెనక సీట్లో శ్రీలత అత్త చెయ్యి నలిపేస్తూ, "జర జల్ది పోనియ్" అంది.

"మంచుల జల్ది పోవద్దే," అన్నాడు, అప్పుడు కూడా సారులాగే.

శంషాబాద్ చేరబోతుండగా వెనక నుంచి ఏదో బండి ధన్‌మని గుద్దింది. కారు ఊగిపోయింది. శ్రీలత కేక వేసింది. ఆమెకు దెబ్బేమీ తగల్లేదని చూసుకున్నాకే రాఘవేందర్‌కు కోపం వచ్చింది. దిగి చూస్తే, గుద్దింది తోటి డ్రైవరు చందు.

"కండ్లు యాడ పెట్టినవ్‌రా? ఎర్రలైటు జూసుకుంట నడవుమని రోజూ మొత్తుకుంటలేనా?"

"గదే జూసుకుంట వస్తున్న అన్నా," అన్నాడు చందు. "లైటు యాడుంది?"

రాఘవేందర్ తన కారు వెనక్కి తిరిగి చూశాడు. గొంగడి ముక్కలు రెండూ రెండు ఎర్రలైట్లనూ చక్కగా కప్పుకుని ఉన్నాయి. రెండింటినీ పీకి పారేసి బండెక్కాడు.

మధ్యాహ్నానికి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం. కౌసల్యమ్మ వార్డంతా తిరిగి కనబడ్డవాళ్లకల్లా చెప్పుకుంది.

"గంత జోరుగ గుద్దినా ఎవ్వలకేం గాలే. అంత గొంగడి మహిమ." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఏందిరా, గట్ల నిలబడ్డవ్? నువ్వు గూడ చెప్పు."

మంచు గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగల మనిషి ముందుగా శ్రీలత ఒళ్లోని బిడ్డను చూశాడు. తన వేలికి ఇంకా అంటుకునే ఉన్న నల్ల ఊలు పోగును చూశాడు.

"ముడి ఏసింది నేనేనమ్మా," అన్నాడు.

కౌసల్యమ్మ మురిసిపోయి, ఆ మాట కూడా వార్డులో అందరికీ చెప్పడానికి వెళ్లింది.