మా అత్తగారింటి మీద రెయిడు

మా తోడల్లుడు వరహాలు మిలట్రీ నుంచి రిటైరై వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడ్డవాడిని నేనే. డెబ్భై ఎనిమిదో సంవత్సరం అనుకుంటాను. నేను విశాఖపట్నం పోర్టులో కళాసీని. రిటైరైన మిలట్రీవాళ్లకి క్యాంటీనులో నెలనెలా రమ్ము ఇస్తారు. వరహాలేమో చుక్క ముట్టడు. ఇంకేం, నా రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను.

నా మొహం, పడింది! ఆరు నెలలు తిరక్కుండా వాడు మాజీ సైనికుల కోటాలో ఎక్సైజు కానిస్టేబులు ఉద్యోగం తెచ్చుకున్నాడు. దొంగసారా పట్టుకునే ఉద్యోగం. ఊళ్లో ఉద్యోగాలే లేనట్టు! షిప్‌యార్డుంది, స్టీలు ప్లాంటు వస్తుందంటున్నారు, పోర్టులో వాచ్‌మన్లు కావాలంటున్నారు.

"ఈ వయసులో మళ్లీ బూట్లేటిరా?" అన్నాను.

"బూట్లు నేకపోతే నాకు తెల్లారదన్నా" అన్నాడు నవ్వుతూ.

అసలు చిక్కు వేరే ఉంది. మా అత్త దేముడమ్మది ఆనందపురం అవతల పల్లె. మామ పోయాక ఇద్దరాడపిల్లల్నీ ఆవిడ సారా కాచే పెంచింది. పెద్దది పైడితల్లి నా భార్య, చిన్నది అసిరమ్మ వరహాలు భార్య. నల్లబెల్లం ఊటతో ఆవిడ కాచే సరుకు కోసం నాలుగూళ్ల వాళ్లు వచ్చేవారు. ఆదివారమైతే నేనూ వెళ్లేవాడిని. పెద్దల్లుడిని, ఆమాత్రం మర్యాద దక్కొద్దూ?

వరహాలు ఉద్యోగంలో చేరగానే నేరుగా అత్త దగ్గరికి వెళ్లి చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

"అత్తా, నాను ఈ బట్టలేసుకున్నాను. నువ్వింక ఈ పని మానీయాల."

"మానీసి ఏటి తినీది?"

"మా ఇంటికొచ్చీ. మేం తిన్నదే నువ్వూ తిందువు."

"వల్లకో బాబూ. అల్లుడింట్లో కూకుని తినీ రోజులు నాకింకా రానేదు" అని అత్త నవ్వేసింది. నేనూ నవ్వాను. వాడొక్కడే నవ్వలేదు.

కొన్నాళ్లకి ఆ పల్లెలో సారా కాస్తున్నారని ఎవరో ఎక్సైజు వాళ్లకి ఉప్పందించారు. ఇన్‌స్పెక్టరు రమణమూర్తిగారు మంచివాడు. వరహాలుని పిలిచి, "మీ అత్తగారి ఊరట కదయ్యా. ఆ రోజు సెలవు పెట్టుకో" అన్నాడట. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నవాడు చేతులు జోడించి సెలవు తీసుకోవద్దూ? "ఊరు నాకు తెలుసు సార్, నేనే దారి చూపిస్తాను" అన్నాడట. మొండిఘటం!

ఆ ఆదివారం నేను అత్త పెరట్లో గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. జీపు చప్పుడైంది. ఖాకీలు కనపడేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున జీడితోటలోకి పరిగెత్తి, ఆకుల గుట్ట ఒకటి కనిపిస్తే దాని వెనక నక్కాను.

అత్త మాత్రం చెక్కుచెదరలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి అల్లుడికిచ్చింది.

"కాళ్లు కడుక్కోడానికి రానేదత్తా. డ్యూటీ."

"డ్యూటీ అయితే కాళ్లకి మట్టంటదేటి? కడుక్కో."

కడుక్కున్నాడు. అప్పుడు వెతకడం మొదలుపెట్టారు. ఇల్లు, గడ్డిమేటు, పశువులశాల, ఎక్కడా ఏమీ దొరకలేదు. ఇన్‌స్పెక్టరు జీపెక్కబోతున్నాడు. అంతలో నన్ను కండచీమ కుట్టింది. "ఓలమ్మో!" అని అరిచాను. వరహాలు వచ్చి ఆకులు తీశాడు. ఆకుల కింద కొత్తగా తవ్వి పూడ్చిన నేల, నేల కింద మూతలు కట్టిన కుండలు. ఇంత తోటలో నేను దాక్కోడానికి ఆ గుట్టే దొరికింది, నా ఖర్మ!

"లెగన్నా" అన్నాడు వాడు, నవ్వాపుకుంటూ.

సాక్ష్యానికి రెండు సీసాలు నింపుకుని మిగతాదంతా ఒలకబోశారు. తోటంతా ఘుమఘుమలాడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అత్త నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు.

అత్త మీద కేసు పెట్టారు. "మా యమ్మని కోర్టుకీడ్సినోడికి నాను కూడొండను" అని అసిరమ్మ పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. వరహాలు తనే వండుకుని తిన్నాడు. నేను ఊరుకుంటానా? శ్రీరామ్మూర్తి అనే ప్లీడరుని పెట్టాను. ఆయన అత్తకి ఒకటే పాఠం నేర్పాడు. "చిన్నల్లుడికి నా మీద పగ, కుండలు వాడే తెచ్చి పాతాడు అని చెప్పు. కేసు ఎగిరిపోతుంది."

కేసు ఎగిరిపోవడం సరే, వాడి ఉద్యోగం కూడా ఎగిరిపోతుంది. పైపెచ్చు జైలు. వాయిదా ముందు రోజు అసిరమ్మ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, "నీకెలా తోస్తే అలా సెప్పమ్మా" అని మాత్రం అంది. ఆ పిల్ల మొహం చూశాక నా కోపం సగం దిగిపోయింది.

కోర్టులో వరహాలు ఇస్త్రీ బట్టల్లో కర్రలా నిలబడ్డాడు. మెజిస్ట్రేటు అత్తని అడిగాడు, "ఈ కానిస్టేబులికి నీ మీద పగేమైనా ఉందా అమ్మా?"

ప్లీడరు దగ్గాడు. అత్త ఆయన వైపు చూడనే లేదు.

"పగేటి బాబూ! కుండలు నావే. మానీమని ముందే సెప్పాడు, నానే ఇన్నేదు."

"అతను నీ అల్లుడే కదా?"

"నాకిద్దరల్లుళ్లు బాబూ. పెద్దోడు తాగి పోతాడు, సిన్నోడు పారబోసి పోయాడు." కోర్టంతా గొల్లుమంది. నేను తల దించుకున్నాను. అత్త మాత్రం నవ్వలేదు. "నా మొగుడు తాగే సచ్చిపోయాడు. ఆ దినాల్లో ఇలాగ పారబోసీవోడు ఒక్కడుంటే, నాకీ కుండలతో పనేటుంది? ఈడి మీద అబద్ధమెలా సెప్పీది?"

వరహాలు కర్రలా నిలబడే ఉన్నాడు గాని, కళ్ల వెంట నీళ్లు మీసాల్లోకి కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తితే డ్యూటీకి భంగమనుకున్నాడో ఏమో. వెనక బెంచీ మీంచి అసిరమ్మ లేచి, మెజిస్ట్రేటు చూస్తుండగానే, కొంగుతో వాడి మొహం తుడిచింది.