కడోదరాలో బండి ఆపిన యాక్సిల్ బూటు, నేను కాదన్న చిన్నాయన

సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని రెండేళ్లయినా, దాన్ని హైదరాబాద్ ఫ్లైఓవర్లు దాటించింది లేదు. బీమా ఆఫీసులో నా పక్క సీటు కీర్తి "ఆ బండిని ఆఫీసుకు రావడానికే కొన్నావా?" అని నవ్వినప్పుడల్లా పౌరుషం వచ్చేది. చివరికి ఈ డిసెంబరులో ఇద్దరం పది రోజులు సెలవు పెట్టి, గుజరాత్‌లోని డాంగ్ అడవుల మీదుగా కచ్ ఉప్పు ఎడారికి బయలుదేరాం. మొదటి రోజు ఔరంగాబాద్ వరకు పదకొండు గంటల ప్రయాణం. రెండో రోజు నాసిక్, సాపుతారా దాటి వాఘై చేరాం. అక్కడి గెస్ట్‌హౌస్‌లో గది రోజుకు పన్నెండు వందలు, శుభ్రంగా ఉంటుంది.

బయలుదేరే ముందు జరిగిన ఒక ఫోన్ సంభాషణ గురించి ఇక్కడే చెప్పాలి. మా అమ్మ చెల్లెలు, లక్ష్మి చిన్నమ్మ, సూరత్‌లోని బమ్రోలిలో ఉంటుంది. చిన్నాయన నర్సయ్య జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వెళ్లి పాతికేళ్లుగా అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. నా ప్రయాణం సంగతి అమ్మ ద్వారా తెలిసి చిన్నమ్మ ఫోన్ చేసింది. "సూరత్ మీదికెల్లే పోతరట గద బిడ్డా, ఒక్క పూట తిని పోరాదు?" అంది. "లేదు చిన్నమ్మా, మేం ఇందోర్ దారిలో వెళ్తున్నాం" అన్నాను. అబద్ధం. ఏడో తరగతి వేసవి సెలవుల్లో నేను వాళ్లింట్లో నెల రోజులు ఉన్నాను. ఒకటే గది, పది ఇళ్లకు కలిపి బయట రెండు మరుగుదొడ్లు. కీర్తితోనేమో ఎప్పుడో మాటల్లో, సూరత్‌లో మా చిన్నాయనకు బట్టల వ్యాపారం ఉందని చెప్పేశాను. ఆ ఇంటిని ఆమెకు చూపించడం ఇష్టం లేక ఈ రెండో అబద్ధం ఆడాను.

మూడో రోజు వాఘై దగ్గర తారు రోడ్డు వదిలి ఒక వాగులో బండి దించాం. కొట్టేసిన వెదురు మోళ్ల మీదుగా ఒడ్డెక్కుతుంటే కింద ఏదో గీసుకున్న చప్పుడైంది. నేను దిగి చూడలేదు. మర్నాడు ఉదయం ఏడింటికి బయలుదేరి, వ్యారా మీదుగా తొమ్మిదిన్నరకు బార్డోలీలో టీకి ఆగినప్పుడు, ఎడమవైపు ముందు చక్రం లోపలంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉండటం కీర్తి చూసింది. "ఎవరికైనా చూపిద్దామా?" అంది. "బురదై ఉంటుంది, ఏం కాదు" అన్నాను. సూరత్ శివార్లలోని కడోదరాలో, హైవే కూడలి దగ్గర బండిని మలుపు తిప్పగానే చక్రం దగ్గర టక్ టక్ టక్ మని మొదలైంది. స్టీరింగ్ ఎంత తిప్పితే అంత గట్టిగా.

రోడ్డు పక్క మెకానిక్ ఒకతను వంగి చూసి, యాక్సిల్ మొత్తం మార్చాలని, పద్దెనిమిది వేలని, సామాను రావడానికి నాలుగు రోజులని హిందీలో చెప్పాడు. నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే కీర్తి ఎంతో మామూలుగా అంది: "మీ చిన్నాయన ఇక్కడే కదా? వ్యాపారస్తులకు అందరూ తెలిసుంటారు. ఫోన్ చెయ్."

చేయక తప్పలేదు. చిన్నమ్మ ఎత్తింది.

"ఏడున్నవ్ బిడ్డా?"

"కడోదరాలో. బండి చెడిపోయింది చిన్నమ్మా."

"ఇందోర్ దిక్కు పోతున్న అంటివి?"

"దారి మారింది."

"మంచిగైంది తియ్యి. నువ్వు ఫికర్ జెయ్యకు. మీ చిన్నాయనను తోలిస్త."

ముప్పావుగంటలో ఒక బైకు వచ్చి ఆగింది. నడుపుతున్నది గంగాధర్ అనే మెకానిక్, బమ్రోలిలో షెడ్డు ఉన్న మన తెలుగువాడే. వెనకాల పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని చిన్నాయన. కార్ఖానా నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తల మీద, కనుబొమల మీద తెల్లటి దూది నూగు. బనియన్ మీద గుండీలు పెట్టుకోని చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఆరేళ్ల తర్వాత చూడటం. నన్ను చూసి నవ్వుతూ దిగాడు. ఆయన నోరు తెరిచేలోపే కీర్తి నా వైపు వంగి అడిగింది. "మీ చిన్నాయన పంపిన మనుషులా?"

ఆమె మెల్లగానే అడిగింది. కానీ ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు.

"ఆ" అన్నాను.

చిన్నాయన నవ్వు ఆగింది. నా మొహం చూశాడు, కీర్తిని చూశాడు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మేడం, బండి జర గా పంక్చర్ షాపు జాగలకు తీస్తరా? నీడ ఉంటది" అన్నాడు.

మేడం అన్నది నన్ను. ఆ వేసవిలో వెంటబెట్టుకుని తపతి నది ఒడ్డు చూపించిన మనిషి.

నేను బండెక్కి, ఆయన చెప్పిన చోట పెట్టాను.

గంగాధర్ జాకీ పెట్టి చక్రం విప్పాడు. యాక్సిల్‌ను చక్రంతో కలిపే కీలును కప్పి, మడతలు మడతలుగా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. మెకానిక్కులు దాన్ని బూటు అంటారు. మాది సగం చుట్టూ చిరిగిపోయి, లోపలి గ్రీజంతా బయటికి పోయింది. "నిన్ననే చినిగినట్టున్నది గిది. ఉత్తగ నడిపిన్రు అక్కా" అన్నాడతను. పొడుగాటి రాడ్డు వేసి, చక్రం నడుమ ఉండే హబ్ నట్టు విప్పడానికి ఇద్దరూ మీద బరువేసి నిలబడ్డారు. అరగంట పట్టింది. యాక్సిల్ బయటికి తీసి, పాత బూటు కోసి, కీలును డీజిల్‌తో కడిగాడు. లోపలి ఇనుప గోళీలను ఒక్కొక్కటే వెలుగులో తిప్పి చూశాడు. "బతికిపోయిన్రు. ఇసుక ఎక్కువ పోలే. ఇంకో వంద కిలోమీటర్లు కొడితే ఖతమైతుండె. యాక్సిల్ మార్చే పని లేదు, బూటు చాలు."

బూటు కోసం చిన్నాయన బైకు మీద ఉధ్నా బజారుకు వెళ్లాడు. కొలతకు పాతదాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నాడు. అప్పటికి పన్నెండు దాటింది. కీర్తి నీళ్ల సీసాలు తేవడానికి వెళ్లింది. నేనూ గంగాధర్ మిగిలాం.

"నర్సన్న మీకు చిన్నాయనట గద" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "పొద్దుగాల ఉరికొచ్చిండు. నా బిడ్డ బండి ఆగింది, నడు అన్నడు. మిషన్లు పక్కోనికి అప్పజెప్పిండట, సేఠ్‌కు గూడ చెప్పలే. మీరు హైదరాబాద్‌ల పెద్ద ఆఫీసుల జేస్తరని మా గల్లీల అందరికి ఎరుకే."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. కీర్తి తిరిగి వచ్చింది. నిజం చెప్పడానికి నాకు అప్పటికే గంట దొరికింది. తర్వాత ఇంకో రెండు గంటలు కూడా దొరికాయి, చెప్పలేదు. చిన్నాయన రెండుంబావుకు వచ్చాడు. మొదటి రెండు దుకాణాల్లో దొరకలేదట, మూడోచోట దొరికిందట. గ్రీజు, బిగించే స్టీలు క్లిప్పులతో కలిపి ఎనిమిది వందల యాభై. అన్నం తిన్నారా అని నేను ఆయన్ని అడగలేదు. ఆయన గ్రీజు ట్యూబు పిండుతుంటే గంగాధర్ వేళ్లతో కీలులోకి కూరి, కొత్త బూటు తొడిగి క్లిప్పులు బిగించాడు. నాలుగింటికి చక్రం ఎక్కింది. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి రెండు చుట్లు కొట్టాను. చప్పుడు లేదు.

గంగాధర్ మజూరీ ఏడు వందలు ఇచ్చాను. అప్పుడు కీర్తి పర్సు తీసి, రెండు వంద నోట్లు మడిచి చిన్నాయన ముందు చాపింది. "అన్నా, పొద్దుటి నుంచి ఎండలో తిరిగారు. చాయ్ తాగండి."

ఆయన చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నాయి. వాటిని వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దమ్మా" అన్నాడు. కీర్తి ఆయన చొక్కా జేబులో పెట్టబోయింది.

"కీర్తీ, ఆగు" అన్నాను. "ఈయనే మా చిన్నాయన. వ్యాపారం లేదు. మగ్గం నడుపుతాడు. నీకు అబద్ధం చెప్పాను."

కీర్తి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె మొహం ఎర్రబడింది, తప్పు ఆమెది కాకపోయినా. "సారీ అంకుల్, నాకు తెలీదు" అని రెండు చేతులూ జోడించింది. నా వైపు చూడలేదు.

"చిన్నాయనా..." అన్నాను.

"అయ్యింది గద. ఇంటికి నడువున్రి. మీ చిన్నమ్మ పొద్దటి సంది కూసున్నది, తినకుంట" అన్నాడు. తర్వాత నేను ఒక్కదాన్నే వినేలా, "గిది దానికి చెప్పకు. తట్టుకోదు" అన్నాడు.

ఆయన బైకు ముందు, మేం వెనకాల. ఆ అరగంటలో కీర్తి ఒకే ఒక్క మాట అడిగింది. "నేను వాళ్ల ఇల్లు చూస్తే ఏమనుకుంటాననుకున్నావు?" నేను ముందు వెళ్తున్న బైకునే చూస్తూ నడిపాను. బమ్రోలిలో ఆ గది అలాగే ఉంది, రంగు మాత్రం కొత్తది. చిన్నమ్మ పుంటికూర పప్పు, కోడికూర, జొన్న రొట్టెలు చేసి పెట్టింది. కీర్తి కింద బాసింపట్టు వేసుకుని మూడు రొట్టెలు తింది. చిన్నమ్మ సంబరంగా నా పళ్లెంలో కూర వేస్తూ "ఇందోర్ పోయేటోళ్లు ఇటెట్లొచ్చిన్రే?" అని మళ్లీ అడిగింది. చిన్నాయన తల ఎత్తకుండానే చెప్పాడు. "అటు రోడ్డు బందున్నదట. గందుకే మలుపుకొచ్చిన్రు." నా కోసం ఆయనా అబద్ధం ఆడాల్సి వచ్చింది.

ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉండి, మర్నాడు ఉదయం ఆరింటికి భరూచ్ దారి పట్టాం. కచ్ చూశాం, బాగుంది, దాని గురించి రాయాలనిపించడం లేదు. మీరు ఇలాంటి దారుల్లో వెళ్తుంటే ఒక్క పని చేయండి: రోజూ బండి ఆపాక టార్చి వేసి నాలుగు చక్రాల లోపలి వైపు చూడండి. గ్రీజు మరక కనిపిస్తే ఆ రోజే, ఆ ఊళ్లోనే బూటు మార్పించండి. చప్పుడు వచ్చేదాకా ఆగితే పదిహేను వందల్లో అయ్యే పని పద్దెనిమిది వేలు కావచ్చు.

వచ్చి నెల దాటింది. ఇప్పుడు నేను ప్రతి ఆదివారం బమ్రోలికి ఫోన్ చేస్తున్నాను. కొన్నిసార్లు చిన్నాయనే ఎత్తుతాడు. క్షమించమని అడగాలని ప్రతిసారీ మాట కూడగట్టుకుంటాను. "మంచిగున్నవా బిడ్డా" అంటాడు. ఆ గొంతులో కోపం ఉండదు. నేను "చిన్నాయనా, ఆ రోజు..." అనేలోపే, "ఆగు, మీ చిన్నమ్మకు ఇస్త" అని ఫోను ఆమె చేతికి ఇచ్చేస్తాడు.