దూలం కింద రాలిన పిండి

ఈ ఉదయం సుచిత్రలోని మా ఫ్లాట్‌లో చెప్పుల స్టాండు జరిపి ఊడుస్తుంటే వేళ్లకు మెత్తగా పిండి తగిలింది. గోధుమపిండి కంటే సన్నం. అంతే, చీపురు అక్కడే పడేసి ఇంట్లోని ప్రతి చెక్కనూ తట్టుకుంటూ తిరిగాను. మా ఆయన పేపరు దించి, "మొదలైందా?" అన్నారు. అననివ్వండి. ఈ జబ్బు నాకు అంటించింది మార్త పెద్దమ్మ.

తొంభైలలో నేను కోడలిగా శామీర్‌పేటకు వచ్చేనాటికి ఆమెది మా పక్కిల్లు. బళ్లో ఆడపిల్లలకు కుట్లు నేర్పేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. ఎవరింటికి వెళ్లినా చాయ్ చేతికి వచ్చేలోపు తలుపులు, గూళ్లు, మంచం కోళ్లు తడిమి చూడాల్సిందే. ఒకసారి మా అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క బీరువా నిండా సన్నని రంధ్రాలు చూసి, పురుగు తినేస్తోందని గోల చేసింది. హడావుడిగా బీరువా ఊడదీయిస్తే లోపల చెక్క రాయిలా ఉంది. ఆ రంధ్రాలు చేసిన పురుగు ఎప్పుడో వెళ్లిపోయింది. ఇక అప్పటి నుంచి ఆమె కనబడితే చాలు, "మా చపాతీ కర్ర గూడ జర చూడరాదూ" అని వాడకట్టంతా ఆటపట్టించేది. పెద్దమ్మ నవ్వేది గానీ, మొహం చిన్నబోయేది.

నా కూతుర్ని తొట్టెలలో వేసే రోజు వచ్చింది. నడింట్లో దూలానికి తొట్టెల కట్టి, కింద బియ్యప్పిండితో ముగ్గు పెట్టారు. ఇల్లంతా చుట్టాలు. పెద్దమ్మ వచ్చింది, కూర్చోలేదు. ముగ్గు పక్కన వంగి వేలితో పిండి తీసి నలిపింది, పైకి చూసింది.

"గిది ముగ్గుపిండి గాదు వదినా. దూలంల పురుగున్నది."

అత్తమ్మకు ఒళ్లు మండింది. "శుభమా అని తొట్టెల గడితే గీ మాటలేంది? నా బీరువనాడు గూడ గిట్లనే అంటివి!"

"అవు, గప్పుడు తప్పు జెప్పిన. పాత రంధ్రం నల్లగుంటది, దాంట్లకెల్లి ఏం రాలది. గిది సూడు, తెల్లగున్నది, పిండి రాలుతాంది. చెదలైతే మన్ను వెడ్తుండె. మల్ల తప్పైతే మల్ల నవ్వుండ్రి. పిల్లనైతే పండవెట్టకుండ్రి."

అందరూ నవ్వారు. అత్తమ్మ బిడ్డ కోసం చేతులు చాచింది. నేను బిడ్డను ఇంకా దగ్గరికి పట్టుకున్నాను. ఆ ఇంట్లో మొదటిసారి, "ఇయ్యను అత్తమ్మా" అన్నాను. మా ఆయన విసుక్కుంటూనే స్టూలెక్కి స్క్రూడ్రైవర్‌తో దూలాన్ని పొడిచారు. అది పిడి దాకా దిగిపోయింది. పిండి ఆయన మొహం మీద జలజలా కురిసింది. నవ్వులు ఆగిపోయాయి. అత్తమ్మ కూలబడి, నా ఒళ్లోని బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చింది.

సాయంత్రం శనగలు పట్టుకుని వెళ్తే పెద్దమ్మ తలుపు ఓరగా తీసి, నన్ను చూశాకే పూర్తిగా తెరిచింది.

"ఇంకేం భయం పెద్దమ్మా? నువ్వు జెప్పిందే నిజమాయె గదా?"

"నాకు పక్కా ఎరికనే అనుకున్నవా బిడ్డా? సగం అనుమానమే. మల్ల నవ్వుల పాలైతనేమోనని భయమైంది. ఊకుందామనుకున్న. మరి ఏమన్నయితే?"

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నలుగురికీ నచ్చని మాట చెప్పాల్సి వస్తే నాకూ భయమే. అయినా చెప్పేస్తాను. చాలాసార్లు తప్పే అవుతుంది, నవ్వుతారు, ఉడుక్కుంటాను. కానీ ఒకసారి అందరి ముందూ నవ్వుల పాలైన మనిషి రెండోసారి నోరు తెరవబట్టే నాకు నా కూతురు దక్కింది.