ఆరు గదుల హౌసింగ్

అతను హౌసింగ్‌లో పనిచేస్తాడని బంధువులందరికీ చాటింది బాబాయి. అందులో అబద్ధమేమీ లేదు. ఫ్యాక్టరీలో అతను కూర్చునే గది తలుపు మీద కూడా హౌసింగ్ డిజైన్ అనే రాసి ఉంటుంది. కాకపోతే బాబాయి బుర్రలో ఉన్న హౌసింగ్ వేరు. ఇళ్ళు కట్టించే ఆఫీసనీ, స్థలాలు పంచే కుర్చీ అనీ ఆయన గట్టిగా నమ్మాడు. ఆ ఒక్క మాట పట్టుకునే మనవాడికి సంబంధం కూడా కుదిర్చాడు.

అతను చేసేది బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా. వాషింగ్ మెషీన్ లోపల పచ్చగా ఒక సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దాని మీద సన్నటి పిన్నులు వరసగా నిలబడి ఉంటాయి. మోటారు నుంచి వచ్చే వైర్ల చివర్లు ఈ డబ్బాలోని ఆరు గళ్ళల్లో దూర్చి, డబ్బాని ఆ పిన్నుల మీద తొడుగుతారు. దాన్నే హౌసింగ్ అంటారు. పెళ్ళయిన కొత్తలో అతని భార్య ఆ డబ్బాని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో మనం ఎటువైపు ఉంటామండీ అని అడిగింది. అడిగి పడీపడీ నవ్వింది. అతను నవ్వలేదు. పని మీద వేళాకోళం అతనికి పడదు.

ఈమధ్య అసలే పడటం లేదు. బట్టలు పిండే సమయానికి మెషీన్ ఒళ్ళు తెలియకుండా ఊగుతుంది. ఆ ఊపుకి డబ్బా పక్కనుండే చిన్న కొక్కెం విరుగుతోంది. కొక్కెం పోతే డబ్బా మెల్లగా పైకి జారుతుంది, మెషీన్ కడుపునిండా సబ్బునీళ్ళతో చచ్చినట్టు ఆగిపోతుంది. మెషీన్లు అమ్మే కంపెనీవాళ్ళు పాడైన బోర్డుల్ని గోనెసంచుల్లో తెచ్చి గేటు దగ్గర పడేసి పోయారు. అతని ఇంట్లో ఉన్న మెషీన్‌లోనూ అదే బోర్డు. అది ఆగినప్పుడల్లా భార్య తడిబట్టలు చేత్తో పిండుతూ, మీ హౌసింగ్ కూలిపోయిందండీ అని వంటింటి వైపు నుంచి కబురు చెప్పేది.

మేనేజరు మాటలు నాన్చే రకం కాదు. అందరి ముందే చెప్పేశాడు.

"చూడవయ్యా, ఇంకో అచ్చు వేసుకో. గట్టి డబ్బా చెయ్యి. ఇదీ పోయిందంటే బయట తయారైన డబ్బాలు కొనేస్తాను. అప్పుడు ఆ గదితో నాకు పనిలేదు. నువ్వు స్టోర్సులో కూర్చుని అట్టపెట్టెలు లెక్కపెట్టుకోవచ్చు."

స్టోర్సు అన్న మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే ఆ గదిలోకి అతను తలుపు తీసుకుని రాలేదు, గోడ పాక్కుంటూ వచ్చాడు. మొదట కింద లైన్లో, బెల్టు పక్కన స్టూలు మీద కూర్చుని డబ్బాలు తొడిగినవాడే. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తొడగడమే. కుడి బొటనవేలి మీద కాయ కాసింది, ఇప్పటికీ ఉంది. అప్పట్లో లైన్లో వాళ్ళు డబ్బాని సగం నొక్కి వదిలేసేవాళ్ళు, బోర్డులు తిరిగొచ్చేవి. ఆ గోల భరించలేక అతనే ఒక అట్టముక్క మీద ఎర్ర రంగుతో "టక్ మనేదాకా నొక్కాలి" అని రాసి గోడకి కొట్టాడు. తిరుగుబోర్డులు ఆగిపోయాయి. ఆ అట్టముక్క పుణ్యాన్నే పై గదిలో కుర్చీ దొరికింది. తర్వాత రాత్రి కాలేజీలో చదివి గీతలు నేర్చుకున్నాడు గాని, అతన్ని మెట్లెక్కించింది మాత్రం ఆ టక్కే. లైన్లో ఆ మాట అలాగే నిలిచిపోయింది. పనయిందా అని అడగాలంటే టక్ అయిందా అని అడుగుతారు. అన్నం తిన్నారా అన్నదానికి కూడా టక్ అయిందక్కా అనే జవాబు వస్తుంది.

కొత్త డబ్బా మీద అతను ఉన్న తెలివంతా పెట్టాడు. గోడలు మందం చేశాడు. బయట పక్కటెముకల్లాగా నిలువు పట్టీలు పెట్టాడు. కొక్కేన్ని బలిపించాడు. బలిసిన కొక్కెం పిన్నుల చుట్టూ ఉండే గూడు అంచు మీదికి ఎక్కడానికి మొరాయిస్తుందని దాని ముక్కు నున్నగా గుండ్రంగా చేశాడు. ఇప్పుడు డబ్బా మెత్తగా జారుకుంటూ వెళ్ళి కూర్చుంటుంది, కూర్చున్నాక ఏనుగు లాగినా రాదు. ఆ నునుపు మీద అతనికి ఎంత మురిపెం అంటే, బస్సులో కూడా జేబులో చెయ్యి పెట్టుకుని దాన్ని తడుముకుంటూ ఉండేవాడు.

అచ్చు చెక్కేది మేస్త్రీ. ఉక్కు దిమ్మలో ఈ డబ్బా ఆకారం గుల్ల చెక్కితే, అందులోకి కరిగిన ప్లాస్టిక్ పోస్తారు. మేస్త్రీకి ఏది చెప్పినా ముందు కాదనడం అలవాటు. కొక్కెం చోట ఇంకా లోతు చెక్కమంటే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సారూ మళ్ళీ ఆలోచించుకోండి, చెక్కమంటే ఎంతైనా చెక్కుతా, చెక్కిన ఉక్కు మళ్ళీ అక్కడ పెట్టమంటే మాత్రం నన్ను కాదు, దేవుణ్ణి పిలవండి అన్నాడు. నువ్వు చెక్కు, మిగతాది నేను చూసుకుంటానని అతను కసిరాడు.

ఊపుడు బల్ల మీద కొత్త డబ్బా గెలిచింది. ఎంత కుదిపినా కొక్కెం చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రం అతను ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. భార్య అనుమానంగా చూసి, ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగింది.

మర్నాడు డబ్బాలు లైన్లోకి దిగాయి. మధ్యాహ్నానికి బోర్డులు చావడం మొదలుపెట్టాయి. డబ్బా బాగానే ఉంది. దాని కింద బోర్డు మీద పిన్నులు అతికిన చోట, టంకం పగులుతోంది. ఒకటో రెండో అయితే సరిపెట్టుకోవచ్చు. ట్రేలకి ట్రేలు నిండుతున్నాయి. పరీక్ష బల్ల మీద ఎర్రలైటు ఆరడం లేదు.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. గట్టి డబ్బా అడిగారు, ఇచ్చాను, ఇప్పుడు బోర్డు మెత్తనైతే నన్నంటారేమిటని టంకం వాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు పాత బోర్డులే, పాత టంకమే, మారింది నీ డబ్బానే అన్నారు. మాట నిజం, అందుకే ఒళ్ళు ఇంకా మండింది. మేనేజరు ట్రేల వంక చూసి, ఎల్లుండి బయటి కంపెనీవాడు నమూనాలు తెస్తున్నాడని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రెండు ముక్కల్లో స్టోర్సూ ఉంది, అట్టపెట్టెలూ ఉన్నాయి.

ఆ రాత్రి ఇంట్లో భార్య పలకరిస్తే విసుక్కున్నాడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. బట్టల బుట్ట తెచ్చి అతని ముందు పెట్టి, కోపం చేతుల్లో ఉన్నట్టుంది, వీటిని పిండండి కాస్త తగ్గుతుంది అంది. పిండాడు. ఒక చొక్కా గుండీ ఊడింది గాని కోపం తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే లైన్లోకి దిగాడు. లైన్ పెద్ద ఒక అక్క. అతను స్టూలు మీద కూర్చున్న రోజుల్లో అతనికి పని నేర్పింది ఆమే. ఎంత ఎదిగినా ఆమెకి అతను తమ్ముడే. అతను మాత్రం ఆ వేళ తమ్ముడిలా రాలేదు. మీవాళ్ళు డబ్బాలు తొడుగుతున్నారా, రాళ్ళు కొడుతున్నారా అంటూ దిగాడు.

అక్క చేతిలో పని ఆపలేదు. "మేం నొక్కినట్టే నొక్కుతున్నాం తమ్ముడూ. నమ్మకం లేకపోతే నువ్వే కూర్చో. స్టూలు అదే, కాళ్ళు కూడా మార్చలేదు."

కూర్చున్నాడు. వీళ్ళ మొరటుతనం అందరికీ చూపించాలనే కూర్చున్నాడు. బెల్టు మీద బోర్డు వచ్చింది. డబ్బా అందుకుని పిన్నుల మీద పెట్టి నొక్కాడు. నున్నగా వెళ్ళింది. అది పూర్తిగా దిగిందని అతనికి తెలుసు. గీసినవాడు అతనే, ప్రతి వెంట్రుకవాసీ అతనికి కంఠతా. అయినా వేలు పైకి లేవలేదు. బొటనవేలు దేనికోసమో ఎదురుచూస్తోంది. ఇంకాస్త నొక్కింది. ఏమీ రాలేదు. ఇంకాస్త నొక్కింది. డబ్బాని అటూ ఇటూ కదిపి చూసి మళ్ళీ నొక్కింది. బోర్డు కింద గుడ్డ చిరిగినట్టు సన్నటి చప్పుడు వినిపించింది. టంకం పగిలింది.

అతను వేలు వంక చూసుకున్నాడు. ఎదురుగా గోడ మీద, రంగు వెలిసిన అట్టముక్క మీద, తన చేతిరాతే ఉంది. టక్ మనేదాకా నొక్కాలి. కొక్కెం ముక్కు గుండ్రంగా చేసి ఆ టక్కుని అతనే మింగేశాడు. లైన్లో ఉన్న చేతులన్నీ రాని టక్కు కోసం బోర్డుల్ని చంపుతున్నాయి.

అట్టముక్క మారుద్దామని మొదట అనుకున్నాడు. టక్ మనకపోయినా ఆపండి అని ఇంకోటి రాసి అంటిద్దామనుకున్నాడు. కానీ ఇందాక గీతలన్నీ తెలిసిన తన వేలే ఆగలేదు. ఇంక వీళ్ళ వేళ్ళకి ఏం చెప్పి ఆపుతాడు?

మేస్త్రీ దగ్గరికి పరిగెత్తి, కొక్కెం ముక్కు మళ్ళీ పదునుగా కావాలన్నాడు. మేస్త్రీ ఇలాంటి రోజు వస్తుందని కాచుకుని ఉన్నవాడిలా కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. దేవుణ్ణి పిలవమన్నానా లేదా అని అడిగాడు. ఆ చోట ఉక్కు పోయింది, కొత్త దిమ్మ కావాలి, కొత్త దిమ్మ రావాలంటే నెల పడుతుంది.

అతను అక్కడే, నూనె మరకల నేల మీద చతికిలబడ్డాడు. తిట్టుకున్నాడు. మేస్త్రీని కాదు, తన మురిపాన్ని. కాసేపటికి తిట్లు అయిపోయాయి, ఒక్క మాట మిగిలింది. పెట్టడం కుదరదు సరే, చెక్కడం కుదురుతుందిగా. ఉక్కులో గుంట చెక్కితే ప్లాస్టిక్ మీద బుడిపె వస్తుంది. కొక్కెం నున్నటి ముక్కు మీద ఆవగింజంత బుడిపె ఉంటే, అది గూడు అంచు మీదికి ఎక్కి, అవతలికి పడేటప్పుడు ఊరికే పడదు. చప్పుడు చేస్తూ పడుతుంది.

"గుంటా? ఇంతేనా?" అన్నాడు మేస్త్రీ. కాదనడానికి ఏమీ దొరకనందుకు అతని ముఖం చిన్నబోయింది.

బయటి కంపెనీవాడు నమూనాల పెట్టెతో వచ్చేసరికి లైన్లో కొత్త డబ్బాలు నడుస్తున్నాయి. టక్, టక్, టక్. ఎర్రలైటు వెలగలేదు. మేనేజరు ఒక డబ్బా తీసుకుని బుడిపె మీద గోరు ఆనించి, ఇదేమిటన్నాడు.

"చప్పుడు కోసం సార్."

"బలానికి కాదా?"

"కాదు సార్. చప్పుడుకే."

మేనేజరు నమూనాల వాణ్ణి పంపించేశాడు. గది నిలిచింది. కానీ ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో అందరూ దాన్ని బుడిపె డబ్బా అనే పిలిచారు. మందం గోడల సంగతి ఎవరూ ఎత్తలేదు. పక్కటెముకల్ని ఎవరూ తడిమి చూడలేదు. అన్ని నెలలు కళ్ళు పోగొట్టుకుని గీసిందంతా పక్కకి పోయి, నేల మీద కూలబడి తట్టిన మొటిమ ఒక్కటి పేరు కొట్టేసింది. అది అతనికి ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంటికి వచ్చేసరికి భార్య ఫోన్లో ఉంది. ఆయన హౌసింగ్ పాసయిందని అవతల ఎవరికో గొప్పగా చెబుతోంది. అతను వద్దని చెయ్యి ఊపేలోపే, ఇదిగో మీ బాబాయిగారు అంటూ ఫోన్ చేతిలో పెట్టేసింది.

"పాసయిందటగా అబ్బాయ్. నాకు తెలుసు, నువ్వు సాధిస్తావని. ఇంతకీ ఎన్ని గదులు?"

ఇన్నేళ్ళుగా ఈ మనిషికి విడమరిచి చెప్పి చెప్పి అతని నోరు అరిగిపోయింది. ఇక ఓపిక లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఆరు, బాబాయ్. ఇరుకు. ఒక్కో గదిలో ఒక్క పిన్నే పడుతుంది."



"మీ పిన్ని సరే. మరి నేనెక్కడ పడుకోనురా?"